ఫలకముపై ప్రవాహము: కృష్ణారెడ్డి జీవితము, కళ

చిత్రము నిశ్చలమైన వస్తువు. గోడకు వ్రేలాడు పటము కదలదు. దానిని చూచువాని కన్నే కదలవలెను. ఐనను కదలికను పట్టి నిలుపవలెనను కోరిక చిత్రకళతోపాటే పుట్టినది. అమరావతి స్తూపమునుండి లభించి నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్న శిల్పములలో నలగిరి యేనుగు కథను మలచిన వలయ మొకటి కలదు. ఆ వలయములో ఒకవంక మదించిన యేనుగు వీథిని బడి జనులను చెండాడుచున్నది. వేఱొకవంక అదే యేనుగు బుద్ధుని యెదుట మోకరిల్లినది. ఈ రెండు క్షణములకు నడుమ గడచిన కాలమును శిల్పి వేఱుగ చెక్కలేదు. చూచువాని దృష్టి ఒక కొననుండి మఱియొక కొనకు పోవులోపల ఆ కాలము తానే గడచును.

కృష్ణాతీరపు శిల్పి పదునెనిమిది శతాబ్దములకు పూర్వము ఎత్తుకొన్న ఈ ప్రశ్న ఇరువదవ శతాబ్దమున యూరపు చిత్రకారులకు సరిక్రొత్త ప్రశ్నగ ఎదురైనది. చిత్తూరు జిల్లాలోని యొక పల్లెలో పుట్టి, పారిస్, న్యూయార్కు నగరములలో జీవితము గడపిన తెలుగువాడొకడు ఆ ప్రశ్నకు తనదైన సమాధానము చెప్పెను. ఆయన పేరు కృష్ణారెడ్డి. ముద్రణచిత్రకళ నేర్చువా రెల్ల ఆయన పేరెఱుగుదురు. తెలుగు సాహిత్యలోకము మాత్రము ఆయనను గూర్చి మాటలాడినది స్వల్పము. ఆయన చేసినదేమో, అది ఏ చరిత్రలో ఇముడునో, మాటలతో పని చేయువారికి అది ఎందులకు కావలయునో పరిశీలించుట అవసరము.

ముందుగ ఆ ప్రశ్న యూరపున రూపొందిన తీరును చూడవలెను. 1880 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు మారే పరుగెత్తు మనుష్యుని, ఎగురు పక్షిని వరుస ఛాయాచిత్రములుగ పట్టెను. కంటికి అందని కదలిక అంగుళ మంగుళముగ విడిపోయి కానవచ్చెను. 1895 లో చలనచిత్రము వచ్చెను. ఇక చిత్రకారుడు కదలికను గూర్చి ఊరకుండుటకు వీలులేకపోయినది. 1909 లో ఇటలీ కవి మారినెత్తి భవిష్యద్వాదమును ప్రకటించి వేగమే సౌందర్యమనెను. 1912 లో ఆ సంప్రదాయమునకు చెందిన బల్లా, గొలుసుతో నడచు కుక్కపిల్లను గీయుచు దానికి నాలుగు కాళ్ళకు బదులు కాళ్ళ గుంపును గీసెను. అదే సంవత్సరమున ద్యుషాఁ మెట్లు దిగు వ్యక్తిని ముక్కలుగ విడదీసి వరుసగ పేర్చెను. వీరి దారి ఒక్కటే: ఒక రూపమును అనేకము చేసి, ఆ అనేకమును కదలిక యనుకొమ్మని చూచువానిని కోరుట.

ఇది చాలదనుకొన్న చిత్రకారుడు స్వీడన్ దేశీయుడు వైకింగ్ ఎగ్గెలింగ్. 1880 లో లుండ్ పట్టణమున పుట్టి, చిన్నతనమున తలిదండ్రులను కోల్పోయి, స్వదేశము విడిచి, గుమాస్తాపనితో పొట్ట పోసికొనుచు మిలాన్‌లో కళాచరిత్ర చదివి, పారిస్ చేరి చిత్రకారుడయ్యెను. 1918 లో జ్యూరిక్ నగరమున హాన్స్ రిక్టర్‌తో చెలిమి కలిసినది. ఇరువురును గీతలకు ఒక వ్యాకరణమును నిర్మింపబూనిరి. సంగీతమున స్వరమునకు ప్రతిస్వరము పలుకునట్లు, గీతకు ఎదురుగీత, నింపిన చోటునకు విడిచిన చోటు పలుకవలెను. పొడవైన కాగితపు చుట్టలపై ఒక రూపము మెల్లమెల్లగ వేఱొక రూపముగ మాఱునట్లు వారు గీసిరి. చేర్యాల నకాషీ పటమును కథకుడు ఒక్కొక్క అంకము విప్పుచు కథ చెప్పుట చూచినవారికి ఈ యూహ అపరిచితము కాదు. ఎగ్గెలింగ్‌నకు ఆ చుట్టయు చాలలేదు. పలుచని లోహపు రేకునుండి రూపములను కత్తిరించి, వానిని ఒక్కొక్క మెట్టు మార్చుచు కెమెరాతో పట్టి, 'డయాగనల్ సింఫనీ' అను చిన్న మూగచిత్రమును చేసెను. ఎర్నా నీమెయర్ ఆయనకు తోడ్పడెను. 1925 మే 3 న బెర్లిన్‌లో అది బహిరంగముగ ప్రదర్శింపబడినది. పదునాఱు దినములకు, మే 19 న, ఎగ్గెలింగ్ మరణించెను. ఆయన వయస్సు నలుబదినాలుగు. కదలికకై చిత్రమునే విడిచిపెట్టినవాడాయన. ఆయన చేరిన తీరము తరువాతివారికి చలనచిత్రకళ యైనది. చిత్రఫలకము మాత్రము ఎప్పటివలెనే నిశ్చలముగ మిగిలినది.

అదే 1925 లో, జూలై 15 న, చిత్తూరు సమీపమున నందనూరు గ్రామములో కృష్ణారెడ్డి పుట్టెను. ఈ తేదీల పొంతన కాకతాళీయము. దానికి అర్థము కట్టనక్కఱలేదు. ఐనను ఎగ్గెలింగ్ విడిచిపోయిన ఫలకమునొద్దకే ఈయన తిరిగి వచ్చెననుట చారిత్రకముగ నిజము.

నాడు చిత్తూరు జిల్లా చెన్నరాజధానిలోనిది. మెట్టపొలములు, చెఱువులు, గుండ్రాళ్ళ కొండలు ఆ సీమ లక్షణములు. వానకు ఎదురుచూచు సీమలో నీటి రాకపోకలను గమనించుట పిల్లవానికి ఎవరును నేర్పనక్కఱలేని విద్య. ఆ జిల్లాలోనే, మదనపల్లెకు చేరువను, ఋషివ్యాలీ విద్యాలయము వెలసినది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి చింతన కృష్ణారెడ్డిని యౌవనమునుండి వెన్నంటి నడచినది. చూచుట యనగా పేరు పెట్టుట కాదనియు, పేరు పెట్టిన మఱుక్షణమే చూపు ఆగిపోవుననియు కృష్ణమూర్తి బోధలలో మాటిమాటికి వచ్చు భావము. అలను 'అల' యని పేర్కొని ఊరకొనువాడు అలను చూడలేదు. ఈ పాఠము చిత్రకారుని చేతిలో ఎట్లు ఫలించెనో ముందు తెలియును.

1941 ప్రాంతమున కృష్ణారెడ్డి శాంతినికేతనము చేరెను. ఆ సంవత్సరముననే రవీంద్రుడు కన్నుమూసెను. కళాభవనమున నందలాల్ బోసు ఆచార్యుడు. వినోదవిహారి ముఖర్జీ, రామకింకర్ బైజ్ తోడి గురువులు. చెట్టును గీయదలచినవాడు ముందుగ చెట్టు నేలనుండి పైకెగయు తీరును చూడవలెనని, ఆకారమునకు ముందు ప్రాణలయను పట్టవలెనని నందలాల్ బోధన. రామకింకరుడు కాంక్రీటుతో 1938 లో మలచిన 'సంతాల్ కుటుంబము' ఆరుబయట నిలిచియుండెను: బిడ్డను, సామానును మోసికొని ఊరు విడిచిపోవు కూలివారు, వారివెంట కుక్క. ఆ విగ్రహములు నిలిచియున్నను వారి నడక ఆగలేదు. శిల్పమున నడకను నిలుపవచ్చునని శిష్యులు ప్రతిదినము కన్నులార చూచుచుండిరి. 1942 లో దేశమంతయు ఉద్యమమైనది. 1943 లో వంగదేశమున కరవు వచ్చి లక్షలాది ప్రజలను బలిగొన్నది. చదువు ముగిసిన 1946 నాటికి ఆ తరపు విద్యార్థి కేవలసౌందర్యమును మాత్రమే చూచిన కన్నులతో బయటపడలేదు.

తరువాత కృష్ణారెడ్డి చెన్నపట్టణము వచ్చి, 1947 మొదలు రెండుమూడు సంవత్సరములు కళాక్షేత్రమున చిత్రకళావిభాగమునకు అధిపతిగ నుండెను. మాంటిసోరి ఉపాధ్యాయులకును చిత్రలేఖనము నేర్పెను. కళాక్షేత్రము 1936 లో రుక్మిణీదేవి నెలకొల్పిన నాట్యవిద్యాలయము. ఉదయము మొదలుకొని అడవుల దెబ్బకు నేల మ్రోగుచుండు ప్రాంగణములో చిత్రకారుడు పని చేయుట సామాన్యమైన సన్నివేశము కాదు. నాట్యమున భంగిమ కదలికకు ముగింపు కాదు. ఒక కదలిక వేఱొకదానిలోనికి ఒరుగుచోట క్షణకాలము నిలుచు రూపము. చిత్రకారునకు ఇంతకు మించిన ఉదాహరణము దొరకదు. ఈ కాలముననే ఆయన మనస్సు శిల్పమువైపు మొగ్గినది.

1949 ప్రాంతమున లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో చేరెను. అచట హెన్రీ మూర్ శిక్షణము లభించెను. పిమ్మట పారిస్ చేరి ఒసిప్ జాద్కిన్ యొద్ద శిల్పవిద్య నభ్యసించెను. బ్రాంకూసీ పరిచయము కలిగెను. 1956-57 ప్రాంతమున మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో మరీనో మరీనీ యొద్ద శిష్యరికము చేసెను. మూర్, జాద్కిన్, మరీనీ ముగ్గురును శిల్పులు. కృష్ణారెడ్డి ముద్రణచిత్రకారుడుగ ప్రసిద్ధుడైనను ఆయన చేయి మొదటినుండి శిల్పి చేయి యని మఱచిన యెడల ఆయన కళ అర్థము కాదు.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది పారిస్‌లోని 'అతెలియే 17'. ఇంగ్లండు దేశీయుడు స్టాన్లీ విలియం హేటర్ 1927 లో నెలకొల్పిన పనిశాల అది; పదునేడు అనునది ఒకప్పటి ఇంటి సంఖ్య. హేటర్ రసాయనశాస్త్రము చదివినవాడు. యుద్ధకాలమున పనిశాలను న్యూయార్కునకు తరలించి, 1950 లో తిరిగి పారిస్ చేర్చెను. పికాసో, మీరో, జాకొమెత్తి వంటివారు ఆ పనిశాలలో పని చేసినవారే. అచట గురువు, శిష్యుడను భేదము పలుచన. ఒకరు కనుగొన్నది మఱునాటికి పదుగురి సొత్తు. 1950 తరువాతి తొలి సంవత్సరములలో అచట చేరిన కృష్ణారెడ్డి కొలదికాలమునకే హేటర్‌నకు కుడిభుజమై, 1965 నాటికి సహనిర్దేశకుడయ్యెను.

ఆ పనిశాలలో నేర్పు మొదటి పాఠమే కదలికకు సంబంధించినది. బ్యూరిన్ అను సన్నని ఉక్కు ఉలితో లోహపు రేకుపై గీత చెక్కునపుడు, కాగితముపై పెన్సిలును త్రిప్పినట్లు చేతిని త్రిప్పరు. ఉలి పట్టిన చేయి ముందునకు త్రోయును; రెండవచేయి రేకును త్రిప్పును. గీత వంపు తిరుగుట రేకు తిరుగుటవలన కలుగును. చూచి గీయు అలవాటు ఇచట పనికిరాదు; తన చేతిక్రింద ఒక లోకము తిరుగుచుండగా దానిలో దారి చేసికొని పోవుటయే పని. ఇట్లు పుట్టిన గీతకు బాహ్యవస్తువును అనుకరించు బంధము లేదు. అది తన కదలికకు తానే గుర్తు.

గీత ఇట్లు కదలినది. మఱి రంగు మాట యేమి? ఇచటనే కృష్ణారెడ్డి పేరు చరిత్రకెక్కినది. అంతకుముందు ముద్రణచిత్రమున సామాన్యముగ ఎన్ని రంగులు కావలెనన్న అన్ని రేకులు చెక్కి, ఒకదానిపై నొకటి గురి తప్పక అచ్చొత్తుచుండిరి. ఎరుపు ముందు, నీలము వెనుక; రంగులు ఒకదాని తరువాత నొకటి వచ్చి చేరును, ఒకటిగ పుట్టవు. 1950 తరువాతి సంవత్సరములలో ఈ పనిశాలలో రూపొందిన పద్ధతి వలన ఒకే రేకునుండి, ఒకే అచ్చుతో, అన్ని రంగులును ఒక్కసారిగ కాగితముపై దిగుట సాధ్యమైనది.

దాని తత్త్వము సిరా చిక్కదనములో నున్నది. ముందుగ రేకును అనేక అంతస్తులుగ మలతురు: కొంత ఆమ్లముతో కొరికించి, కొంత ఉలితో చెక్కి, కొంత గీకి, నునుపుచేసి, మిట్టలు, పల్లములు, వాని నడిమి వాలులు ఏర్పఱతురు. మొదటి సిరాను లోతైన గాళ్ళలోనికి దట్టించి పైభాగమును తుడిచివేయుదురు. పిమ్మట అవిసెనూనె ఎక్కువ కలిపి పలుచన చేసిన రెండవ సిరాను గట్టి రోలరుతో దొర్లింతురు. గట్టి రోలరు వంగదు కనుక అది మిట్టలనే తాకును. తరువాత నూనె తక్కువగల చిక్కని మూడవ సిరాను మెత్తని రోలరుతో ఒత్తి దొర్లింతురు. మెత్తనిది కనుక అది పల్లములలోనికి దిగును. మిట్టలపై నున్న పలుచని సిరా చిక్కని సిరాను తనపై అంటనీయదు. ఆ విధముగ ఒకే రేకుపై మూడు రంగులు తమ తమ యెల్లలు తామే ఏర్పఱచుకొని నిలుచును. తడిపిన కాగితమును పైన పఱచి ప్రెస్సులో ఒక్కమాఱు నడిపిన చిత్రము పూర్తియగును.

కృష్ణారెడ్డి పుట్టిన సీమకు సమీపముననున్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు చేయునది దీనికి దూరపుచుట్టమువంటిది. వారు నూలుబట్టను కరక్కాయ కషాయములో, పాలలో నానవేసి ఎండబెట్టుదురు. పాలలోని వెన్న వలన రంగు బట్టపై పాకిపోక గీసినచోటనే నిలుచును. బెల్లపు నీటిలో ఇనుమును నానవేసిన ద్రవము కరక్కాయను తాకి నల్లనగును. పటిక పూసినచోటనే ఎరుపు పట్టును. రంగును పూయుట కంటె రంగు పుట్టుటకు తగిన చోటును సిద్ధపఱచుట ఆ విద్యలోని రహస్యము. కృష్ణారెడ్డి తన పద్ధతిని ఇచటనుండి కొనిపోయెననుట సాహసమగును. అట్టి యాధారము లేదు. ఐనను ద్రవము స్వభావమును నమ్మి, దానితో పోరాడక పని చేయించుకొను ఈ బుద్ధి తెలుగువారికి పరాయిది కాదని చెప్పుట న్యాయము.

ఈ పద్ధతిని ఎవరు కనుగొనిరను విషయమున ఒక మాట. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయినుండి వచ్చిన కైకో మోతి, ఈ మువ్వురి పేరులును దీనితో ముడివడియున్నవి. నలుగురు కూడి ప్రయోగములు చేయు పనిశాలలో పుట్టిన దానిని ఒకరి ఖాతాలో వ్రాయుట కష్టము, అనవసరము. కృష్ణారెడ్డి ప్రత్యేకత వేఱు. హేటర్ ఆ పద్ధతిని ప్రధానముగ గీతకు సేవకునిగ వాడెను. కృష్ణారెడ్డి రేకును శిల్పముగ మలచి, రంగు ఆ శిల్పపు లోతులను అనుసరించి ప్రవహించునట్లు చేసెను. ముగ్గురు శిల్పాచార్యుల శిష్యరికము ఇచట ఫలించినది. కాగితముపై దిగిన చిత్రమును విడిచి రేకునే చూచినను అదియొక చిన్న శిల్పము.

ఇక చిత్రములకు వత్తము. 1952 నాటి 'చేప', 'కీటకము' అను తొలి చిత్రములలో ప్రాణి ఆకారము ఇంకను గుర్తింపదగియున్నది. ఐనను చేపకును నీటికిని నడుమ గీత గీసి వేఱు చేయుట ఆయనకు అప్పుడే ఇష్టము లేకపోయినది. చేప ఒడలిపై గీతలే నీటి గీతలుగ సాగిపోవును. పది సంవత్సరముల తరువాత, 1963 లో, 'అల', 'సుడిగుండము' వచ్చినవి. 'సుడిగుండము' ఆయన కృతులలో మిక్కిలి పేరుగన్నది. నీలిమ ఆ చిత్రమునకు ప్రాణము. గీతలు వలవలె అల్లుకొని, వంపులు తిరిగి, ఒక లోతులోనికి లాగబడుచున్నవి. చూచువాని కన్ను అంచున నిలువజాలక లోనికి జాఱును; జాఱి మరల అంచునకు విసరివేయబడును.

ఇచట బల్లాకును కృష్ణారెడ్డికిని గల భేదము తెలియును. బల్లా కదలుచున్న వస్తువును గీసెను. కుక్క ఉన్నది, దానికి కదలిక కలదు. 'సుడిగుండము'లో కదలునట్టి వస్తువు వేఱుగ లేదు. కదలికయే వస్తువు. నీటిని తీసివేసి సుడిని చూపుమనిన యెవడు చూపగలడు? సుడిని ఆపి నీటిని చూపుమనినను అంతే. ఎగ్గెలింగ్‌నకును కృష్ణారెడ్డికిని గల భేదమును ఇచటనే కలదు. ఎగ్గెలింగ్ కాలమును కోరి కెమెరాను ఆశ్రయించెను. కృష్ణారెడ్డి కాలమును రేకులోని లోతుగ మార్చెను. పైయంతస్తు మొదలు అడుగంతస్తు వఱకు దృష్టి దిగుటకు పట్టు కాలమే ఆ చిత్రమునకు గల కాలము.

ప్రకృతిలోని కదలికను మాత్రమే చిత్రించి ఊరకొన్న యెడల ఆయన మంచి కళాకారుడుగ నిలిచియుండును. అంతకు మించి చెప్పుటకు కారణ ముండకపోవును. 1968 మే నెలలో పారిస్ వీథులలో విద్యార్థులు, కార్మికులు వెల్లువయై లేచిరి. ఆ సంవత్సరపు చిత్రము 'ప్రదర్శకులు'. నిలువుగ నిలిచిన మానవాకృతులు, ఒకరి ప్రక్క నొకరు. ముఖములు గుర్తింపరావు. సుడిని మలచిన గీతయే ఇచట జనమును మలచినది. పదునెనిమిదేండ్ల ప్రాయమున 1943 నాటి కరవుకాలమును చూచినవాడు నలుబదిమూడవ యేట జనసమూహమును గీయుచున్నాడని గుర్తుంచుకొనవలెను. అది జాలితో గీసిన గుంపు కాదు. నిలుచుటలోనే ఒక కదలిక యున్నదని ఎఱిగి గీసినది.

1972 లో 'జీవనచలనము' అను అర్థము గల పేరుతో ఆయన చేసిన చిత్రము కలదు. ఆ సంవత్సరముననే భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. మొదటి భార్య, శిల్పి షర్లీ విటెబ్‌స్కీ, 1966 లో మరణించెను. తరువాత చిత్రకారిణి జూడీ బ్లమ్ ఆయన సహధర్మచారిణి యయ్యెను. వారి కుమార్తె అపు నేలపై ప్రాకుచున్న కాలమున ఆ ప్రాకుటయు చిత్రవస్తువైనది. పిల్ల ప్రాకునపుడు గది ఆమె చుట్టును వ్యాపించును. ప్రాకనిదే ఆ గది లేదు. ఇదియు సుడిగుండపు న్యాయమే, ఇంటిలోనికి వచ్చినది.

ఆ కుమార్తెతో చూచిన సర్కస్సునుండి విదూషకుని చిత్రములు పుట్టినవి. 1980 నాటినుండి సాగిన ఆ పరంపరలో 1986 నాటి 'మహావిదూషకుడు' ముఖ్యమైనది. విదూషకుడు నడుమ నిలుచును. అతని చుట్టును వలయములు, కిరణములు, జనముతో క్రిక్కిఱిసిన గోదావలె వ్యాపించును. అందఱును నవ్వుచుండగా నడుమ ఒంటరిగ నిలిచినవాడు అతడు. చుట్టును తిరుగు లోకమునకు ఇరుసు అతడే, ఆ లోకము నవ్వునకు గుఱియు అతడే. ఇదే రేకునుండి కృష్ణారెడ్డి రంగులు మార్చుచు అనేక ప్రతులను తీసెను. ఒకదానిలో విదూషకుడు వెలుగులో మెఱయును. వేఱొకదానిలో అతడే చీకటిలో కరగిపోవును. గీత ఒక్కటే, గతి వేఱు.

తెలుగుమాటలలో 'గతి' చిత్రమైనది. ఛందస్సున అది నడక. మత్తకోకిల నడక యొకటి, ద్విపద నడక యొకటి. లోకవ్యవహారమున అదియే దశ, అదియే దిక్కు. వానికి పట్టిన గతి యందుము, గతిలేనివా డందుము. కదలికకును మనుష్యుని దశకును ఒకే మాట వాడు జాతికి 'సుడిగుండము'నుండి 'ప్రదర్శకులు', అచటనుండి 'మహావిదూషకుడు' వఱకు కృష్ణారెడ్డి నడచిన దారిని వివరించుట కష్టము కారాదు. నీటి గతితో మొదలిడినవాడు మనుష్యుని గతిని చేరెను.

1976 లో ఆయన న్యూయార్కునకు తరలి, న్యూయార్కు విశ్వవిద్యాలయమున ముద్రణచిత్రశాఖను తీర్చిదిద్దెను. 1981 లో బ్రాంక్స్ మ్యూజియము ఆయన కృతుల సమగ్రప్రదర్శనము జరిపెను. 1988 లో తన పద్ధతిని, సామగ్రి స్వభావమును వివరించు గ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను. రహస్యముగ దాచిన యెడల ధనము తెచ్చు విద్యను ఆయన అడిగినవారికెల్ల పంచెను. పారిస్‌లో ఆయనయొద్ద పని నేర్చినవారిలో అలీగఢ్‌లో జన్మించిన జరీనా హష్మీ యొకరు. ఆమె కళ గురువు కళకు పూర్తిగ భిన్నమై, గృహము, దేశవిభజన, సరిహద్దు వస్తువులుగ వెలసినది. 2016-17 లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము హేటర్, కృష్ణారెడ్డి, జరీనా మువ్వురి కృతులను ఒకచోట ఉంచి ప్రదర్శించెను. 2018 ఆగస్టు 22 న తొంబదిమూడవ యేట కృష్ణారెడ్డి న్యూయార్కులో కన్నుమూసెను.

ఆయనను గూర్చిన విమర్శలో తీర్పవలసిన చిక్కు ఒకటి మిగిలినది. పద్ధతికి వచ్చిన కీర్తి చిత్రములను కప్పివేసినది. ముద్రణశాలలలో ఆయన పేరు చెప్పిన రోలర్లు, నూనెలు, అంతస్తులు జ్ఞప్తికి వచ్చును; విదూషకుని ఒంటరితనము జ్ఞప్తికి రాదు. దీనికి కొంత కారణము ఆయన ఔదార్యమే. విద్యను పంచినవాని పేరు విద్యతో నిలుచును, వాని మాట వెనుకబడును. పద్యవిద్యలోను ఈ అపాయము కలదు. చిత్రకవిత్వమున బంధములు కట్టిన కవి పేరు తలచినంతనే బంధమే గుర్తునకు వచ్చును. ఆ పద్యము చెప్పిన సంగతిని ఎవరును అడుగరు. కృష్ణారెడ్డి విషయమున ఈ అన్యాయము జరుగరాదు. పద్ధతి ఆయనకు ఆవశ్యకమైనది: రంగులు వేఱువేఱుగ వచ్చి చేరు చిత్రమున సుడిని చూపజాలడు గనుక ఒక్కసారిగ పుట్టు రంగును వెదకెను. వస్తువు పద్ధతిని పుట్టించినది. తరువాతి శిష్యులలో పలువురకు పద్ధతి ముందు దొరకినది. వస్తువును తామే వెదకుకొనవలసి వచ్చినది.

మఱియొక ప్రశ్న కలదు. ఇంచుమించు డెబ్బది సంవత్సరములు విదేశములలో గడపినవానిని తెలుగు చిత్రకారు డనవచ్చునా? పుట్టినయూరిని పట్టి హక్కు సాధించుట తేలిక, నిష్ప్రయోజనము. ఆయన వంగదేశమునకు శిష్యుడు, పారిస్‌నకు సహచరుడు, న్యూయార్కునకు గురువు. ఆ నగరములు ఆయనను చూచినవి, వ్రాసినవి, భద్రపఱచినవి. తెలుగు చేయవలసిన పని హక్కు చాటుట కాదు, చూచుట. చూచినదానిని తెలుగులో చెప్పుట. అందులకు మాటలు కావలెను. సిరా చిక్కదనము, రేకు అంతస్తు, ఉలి త్రోవ, మెత్తని రోలరు: ఈ పనికి కావలసిన మాటలు చాలవఱకు వాడుకలోనే యున్నవి. వానిని చేరదీసి వాడువారు లేకపోవుటయే లోపము.

అనువాదకులకు ఆయన పని మఱింత చేరువ. మలచిన రేకు మూలమువంటిది. దానిపై ఆనాటి సిరా, ఆనాటి చేతి యొత్తిడి, కాగితపు తడి కలిసి ఒక ప్రతిగ దిగును. మఱునాడు తీసిన ప్రతి దానికి జోడే కాని అది కాదు. కృష్ణారెడ్డి ఈ భేదమును లోపమని దిద్దుటకు యత్నింపలేదు. 'మహావిదూషకుడు' ప్రతులను వరుసగ ఉంచి చూచినవారికి ఒకే ముఖము పది వెలుగులలో కానవచ్చును. ఏ ప్రతిలోను ఆ రేకు పూర్తిగ వ్యయము కాలేదు.